బొమ్మలకు కుట్టిన బట్టలు

పోయిన డిసెంబరు నాలుగో తేదీ సాయంత్రం, ఎదురు ఫ్లాటు మదాం ఒదిల్ ఒక అట్టపెట్టె మోసుకొచ్చి నా కుట్టుమిషను పక్కన దించింది. అరవై దాటిన మనిషి అంత పెట్టెను ఒక్కతే ఎత్తుకొచ్చిందే, నడుం పట్టేస్తే ఎవరు చూస్తారు, అంబులెన్సుకు ఫోను చేస్తే నేను ఏ భాషలో చెప్పాలి అని నా ఆలోచన అప్పటికే ఆస్పత్రిదాకా వెళ్ళిపోయింది. ఆవిడ మాత్రం నవ్వుతూ మూత తీసింది.

లోపల పాత పేపర్లలో చుట్టిన బొమ్మలు. పదిహేడు. జానెడు పొడుగుంటాయి. తలలు, చేతులు, పాదాలు మట్టివి. మధ్యలో ఒళ్ళు మాత్రం తీగకు చుట్టిన పీచు. మీద ఉన్న బట్టలను పురుగు కొట్టేసి జల్లెడ చేసింది.

"వాళ్ళ అమ్మమ్మవంటమ్మా," అంది మా రచన. "వాళ్ళ వైపు క్రిస్మస్‌కి ఏసు పుట్టిన పశువులపాక పెట్టి, చుట్టూ ఊళ్ళోవాళ్ళందర్నీ నిలబెడతారంట. ఈవిడ చేపలమ్మే ఆవిడ. ఈయన కత్తులు సానపడతాడు. ఇదిగో, ఈయన రెండు చేతులూ పైకెత్తి ఆశ్చర్యపోతూ ఉంటాడంట. అంతే, ఇంకే పనీ లేదంట."

"అచ్చం మీ నాన్నలాగే."

రచన ఆ మాటను ఫ్రెంచిలో చెప్పేసింది. మదాం పగలబడి నవ్వింది. మా ఆయన పరశురాం హిద్ షిప్‌యార్డులో స్టోర్ కీపరు. ఆవిడకు ఆయన బాగానే తెలుసు.

మదాంకి తెలుగు రాదు, నాకు ఫ్రెంచి రాదు. ఇద్దరి ఇంగ్లీషూ కలిస్తే సగం దూరం నడిచేది. మిగతా సగం రచన నడిపించేది. భర్త పోయాక కూడా ఆవిడ మేముండే ఈ గల్ఫు ఊరు, అరాద్, వదిలి వెళ్ళలేదు. పొద్దున ఒక ట్యూషన్ సెంటరులో, సాయంత్రాలు ఇంట్లో పిల్లలకు ఫ్రెంచి చెప్పేది. రచనది పదో తరగతి. అర్ధసంవత్సరం పరీక్షల్లో ఫ్రెంచి ఒక్కటే తప్పింది. ఫిబ్రవరిలో బోర్డు పరీక్షలు. అందులో కూడా తప్పితే ఏమవుతుందో అని సెప్టెంబరు నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. వారానికి మూడు రోజులు మదాం దగ్గరికి పంపడం మొదలుపెట్టాకే కొంచెం ఊపిరి తీసుకున్నాను.

మాది నరసాపురం. పదో తరగతితో చదువు ఆగిపోయినా, మా ఊరి ఆడవాళ్ళందరిలాగే లేసు అల్లడం చేతిలో ఉంది. నా కిటికీ తెరలకున్న లేసు అంచును మదాం ఎప్పుడో చూసిపెట్టుకుందట. ఇరవై నాలుగో తేదీలోగా ఈ బొమ్మలకు బట్టలు కుట్టి, చేపలావిడ భుజానికి లేసు శాలువా అల్లి ఇవ్వగలవా అని అడిగింది. కుడతానన్నాను.

వెళ్ళబోతూ రచన చేతిలో ఒక సాసరు పెట్టింది. తడి దూది మీద పరిచిన గోధుమలు. ఈ రోజు వేసి పండగదాకా పెంచాలట. మొలకలు ఒత్తుగా, నిటారుగా వస్తే ఆ ఇంటికి వచ్చే ఏడాది బాగుంటుందట.

"పెళ్ళిలో పాలికలు పోస్తాం కదే, అచ్చం అదే," అన్నాను. వాళ్ళకూ ఉందా ఇది అని ముచ్చటేసింది. కానీ ఆ సాసరు ఇంట్లో పెట్టుకోకుండా ఉండాల్సింది. మర్నాటినుంచి రోజుకు పదిసార్లు దాన్ని చూసేదాన్ని. ఒక పక్క మొలకలు కాస్త వాలితే చాలు, ఆ పూటంతా మా ఆయన క్రేను కింద నడుస్తున్నట్టే అనిపించేది.

ఇక్కడ రచన చేతి సంగతి చెప్పాలి. దానికి తొమ్మిదేళ్ళప్పుడు ఎడమ మోచేతికి పైన కందిగింజంత తెల్ల మచ్చ వచ్చింది. బొల్లి. ఇప్పుడు అరచేయంత అయింది. ఒకరినుంచి ఒకరికి అంటుకునేది కాదు, ప్రాణానికి ఏ భయమూ లేదు అని ముగ్గురు డాక్టర్లు చెప్పారు. ప్రాణం సంగతి ఎవరడిగారు? రేపు పెళ్ళి చూపులకు వచ్చేవాళ్ళు డాక్టర్లు కాదు కదా. ఆరేళ్ళుగా దాని గౌన్లు, చుడీదార్లు, బడి యూనిఫారం అన్నీ పొడుగు చేతులతో నేనే కుట్టాను. ఎండ పడదని, ఎలర్జీ ఉందని బడిలో రాసిచ్చాను. జూన్ ఎండలో, చెమట ఓడుతూ ఆ పిల్ల బస్సు దిగేది. మా అత్తగారికి చెప్పలేదు. మా అక్కకి చెప్పలేదు. ఈ బిల్డింగులో ఎవరికీ తెలియనివ్వలేదు.

*

వారం తర్వాత, ఆ బొమ్మల పాత బట్టలు ఎలా ఉండేవో చూపించడానికి మదాం నన్ను తన ఇంటికి పిలిచి ఒక ఫొటోల పుస్తకం తీసింది. పుస్తకాల బల్ల దగ్గర రచన ఏదో రాసుకుంటోంది. మదాం మాకు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

చేపలావిడ గళ్ళ పావడా చూశాను, కుచ్చులు లెక్కపెట్టుకున్నాను. తర్వాతి పేజీ తిప్పాను.

మబ్బు పట్టిన సముద్రపు ఒడ్డు. పన్నెండు మందో పదిహేను మందో, అందరూ ముసలివాళ్ళే, చేతులు పట్టుకుని నీళ్ళలోకి పరుగెడుతున్నారు. వీపులు నావైపున్నాయి. తలలమీద ఎర్ర టోపీలు. అంతే, ఇంకేమీ లేవు.

పుస్తకం టక్కున మూశాను. ఆ చప్పుడుకు రచన తలెత్తింది. టీ కప్పులతో వచ్చిన మదాం నా మొహం చూసింది, పుస్తకం చూసింది, ఏమాత్రం తొట్రుపడకుండా పక్కన కూర్చుని ఆ పేజీ మళ్ళీ తీసింది. చివర్న ఉన్న పొడుగాటాయన మీద వేలు పెట్టి, "జెరార్" అంది. పోయిన భర్త.

"ఏంటే ఇది?" అన్నాను రచనతో.

రచన నీళ్ళు నమిలింది. "కొత్త సంవత్సరం స్నానం అంటమ్మా. ప్రతి చలికాలం సెలవులకీ వాళ్ళు సముద్రం పక్కన ఒక ఊరికి వెళ్ళేవాళ్ళంట. అక్కడ ఎవరూ బట్టలు వేసుకోరంట. నాచురిస్టులంటారు. అంటే... తప్పుగా కాదు. ఒళ్ళు లేకపోతే మనిషి లేడు కదా, దాన్ని చూసి సిగ్గుపడటం ఎందుకు అంటారు. బట్టలు లేకపోతే అక్కడ డాక్టరెవరో, వాచ్‌మన్ ఎవరో తెలియదంట. మచ్చలున్నా, కుట్లున్నా, లావున్నా ఎవరూ ఎవర్నీ ఏమీ అనకూడదంట. అదొక నియమం."

మచ్చలు అన్న మాట దగ్గర దాని గొంతు కాస్త ఆగింది. అప్పుడు నాకు పట్టలేదు.

"ఇక్కడ కూడానా?" అని మదాంనే అడిగాను, నా ఇంగ్లీషులో.

ఆవిడ రెండు చేతులూ అడ్డంగా ఊపింది. రచన చెప్పింది: "ఇది నా ఇల్లు కాదు, ఇంకొకళ్ళ ఇంట్లో ఉన్నప్పుడు వాళ్ళ పద్ధతే నా పద్ధతి అంటున్నారు."

నిజమే. బయటికి వస్తే మణికట్టుదాకా చేతులు, పాదాలదాకా పావడా లేకుండా ఆవిడను నేనెప్పుడూ చూడలేదు. అయినా నా నోరు ఊరుకోలేదు. "మరి మనుషులకు అక్కర్లేని బట్టలు బొమ్మలకెందుకంట?"

మదాం ఈసారి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "చలికి. పండక్కి," అంది. ఆ తర్వాత ఇంకో ముక్క అంది. దాన్ని రచన నెమ్మదిగా చెప్పింది. "సిగ్గుకి మాత్రం కాదంట."

ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆయనకు చెప్పాను. ఆయన పెరుగు కలుపుకుంటూ, "మన దిగంబర స్వాములు లేరూ? అలాంటిదేదో అయ్యుంటుందిలే కుమారీ," అన్నారు.

"ఆ స్వాములు మన పిల్లకు ఫ్రెంచి చెప్పడం లేదు కదండీ."

"చెబితే మార్కులొచ్చేవేమో."

ఆయనతో మాట్లాడటం ఎప్పుడూ ఇంతే. నేను ఒంటరిగా భయపడటానికి అలవాటు పడిపోయాను.

*

డిసెంబరు పదహారు, నేషనల్ డే. వీధి దీపాలన్నిటికీ ఎరుపు తెలుపు బల్బులు కట్టారు. బడికి సెలవు. పదింటికి రచన మదాం దగ్గరికి వెళ్ళింది. చేపలావిడ పావడా పూర్తయింది, కొలతలు తీసుకున్నాక బొమ్మల్ని ఆవిడ దగ్గరికే పంపేశాను కాబట్టి, సరిపోయిందో లేదో చూద్దామని పదకొండింటికి నేనూ వెళ్ళాను. తలుపు ఓరగా తీసే ఉంది.

హాల్లో కిటికీ తెర వేసి ఉంది. రెండు తెరలు కలిసేచోట సందులోంచి ఎండ ఒక పట్టీలాగా లోపలికి పడుతోంది. ఆ ఎండలో రచన కూర్చుంది. దాని పొడుగు చేతుల చొక్కా కుర్చీ వీపుకు వేలాడుతోంది. ఒంటిమీద చేతుల్లేని టీషర్టు ఉంది. ఎడమ చేయి బల్లమీద చాపుకుని ఫ్రెంచి పాఠం బయటికి చదువుతోంది. అంత పెద్ద గొంతు ఆ పిల్లకుందని నాకు తెలియదు. మదాం ఒంటినిండా బట్టలతో, దానికి వీపు పెట్టి, వంటింటి గట్టు దగ్గర బాదం పప్పులు ఒలుస్తూ, తప్పు పలికినచోట మాత్రం అక్కడినుంచే దిద్దుతోంది.

నేను చూసింది ఇంతే. ఇది ఇప్పుడు రాస్తుంటే ఎంత మామూలుగా ఉందో. ఆ రోజు మాత్రం అలా లేదు. ఆ ఎర్ర టోపీల ఫొటో కళ్ళముందుకొచ్చింది. ఇవాళ చొక్కా, రేపేమిటి, ఎల్లుండేమిటి అని బుర్ర పరుగెత్తింది. "రచనా" అని ఒక్క కేక వేసి ఉంటే సరిపోయేది. వెయ్యలేదు. అడిగితే వినకూడనిది ఏం వినాల్సొస్తుందో అని, పావడా చేతిలోనే పట్టుకుని చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగాను.

ఇంట్లోకి రాగానే ఐదో అంతస్తు లక్ష్మిప్రసన్నకు వాయిస్ మెసేజి పెట్టాను. వాళ్ళ శరణ్య కూడా మదాం దగ్గరే చదువుతుంది. రెండు నిమిషాల పైన మాట్లాడాను. ఫొటో సంగతి చెప్పాను. ఆవిడ బట్టలు లేకుండా తిరిగే మతం మనిషని చెప్పాను. "ఇప్పుడే కళ్ళారా చూసొచ్చాను లక్ష్మీ, తెరలేసేసి మా పిల్ల చేత చొక్కా విప్పించి కూర్చోబెట్టింది," అన్నాను. విప్పించడం నేను చూడలేదు. ఇంకా ఏదేదో అన్నాను. చివర "నీలోనే ఉంచుకో, ఎవరికీ చెప్పకు" అని కూడా అన్నాను.

పంపాక మళ్ళీ ఒకసారి విని ఉండాల్సింది. నా గొంతు నాకు వినబుద్ధి కాదు.

రచన పన్నెండింటికి వచ్చింది. మణికట్టుదాకా బొత్తాలు పెట్టుకునే ఉంది. "ఇవాళ ఏం చదివారే?" అంటే, "పండగ పాఠం. వాళ్ళు పదమూడు తీపి వంటకాలు పెడతారంట తెలుసా?" అంది హుషారుగా. నేను దాని కళ్ళలోకి చూడలేదు.

*

మూడు రోజుల్లో నలుగురు పిల్లలు మదాం దగ్గరికి రావడం మానేశారు. ట్యూషన్ సెంటరువాళ్ళు సెలవుల తర్వాత రావద్దని చెప్పారట. ఈ సంగతులు నాకు చెప్పింది లక్ష్మిప్రసన్నే. జిదాఫ్స్ మార్కెట్టులో దొరికిందని రెండు కట్టల గోంగూర పట్టుకుని వచ్చి, నా మిషను ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"నేను గ్రూపులో పెట్టలేదక్కా, మా శరణ్య మీదొట్టు. పిల్లల్ని పంపే నలుగురికే ఫార్వర్డ్ చేశాను. వాళ్ళకీ తెలియాలి కదా, రేపేదైనా అయితే మనం ముందే చెప్పలేదంటారు. వాళ్ళెవరో సెంటరు మేనేజరుకు వినిపించారంట. అయినా మంచిపనే చేశావు. నీ ధైర్యం ఎవరికొస్తుంది?"

నా జీవితంలో నా ధైర్యాన్ని మెచ్చుకోవడం అదే మొదలు. నేను సూదిలో దారం ఎక్కిస్తూ ఊఁ కొట్టాను.

లక్ష్మిప్రసన్న గొంతు తగ్గించింది. "రచన విషయంలో నువ్వేం దిగులు పెట్టుకోకక్కా. మేమెవరం ఏమీ తెలియనట్టే ఉంటాం. మా ఆడపడుచు కూతురిక్కూడా ఉంది. విజయవాడలో మందిస్తారు, నంబరు పంపిస్తాలే."

"దేనికి మందు?"

"అదేనక్కా... చేతిది. నువ్వే అన్నావు కదా."

దారం సూదిలోకి వెళ్ళలేదు. కొస తడిచేసి మళ్ళీ పెట్టాను. వెళ్ళలేదు. ఆవిడ గోంగూర గట్టుమీద పెట్టి, పులుపు ఎక్కువగా ఉంది, కాస్త చూసి వెయ్యమని చెప్పి వెళ్ళిపోయింది.

తలుపేసుకుని ఫోను చెవికి పెట్టుకున్నాను. నా గొంతే. ఒక నిమిషం నలభై సెకన్ల దగ్గర, గుక్క తిప్పుకోకుండా, "ఆ పిల్ల ఎడమచేతి మీద బొల్లి మచ్చ ఉంది కదా, అరచేయంత, అది ఎండకు పెడితే పోతుందనో ఏమో ఆశపెట్టి ఉంటుంది ముండ" అంటోంది. ఉంది కదా, అంటోంది. లోకమంతటికీ ముందే తెలిసినట్టు.

సాయంత్రం రచన బడినుంచి వచ్చింది. బూట్లు విప్పలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"బస్సులో శరణ్య నా చేయి చూపించమంది. ఒకసారి చూసి ఇచ్చేస్తానంది. ఇచ్చేస్తానందమ్మా, పుస్తకంలాగా."

అప్పుడు నేను అడిగింది ఏమిటో తెలుసా? "మదామే కదా నిన్ను చొక్కా తియ్యమంది?"

"నేనే అడిగాను." ఏడవడంలేదు, అరవడంలేదు. "ఒక్క గంట చేతుల్లేకుండా కూర్చోనా అని అడిగాను. మీ అమ్మకు చెప్పు అన్నారు. చెబుతాను, ఇప్పుడే కాదు అన్నాను. అందుకే తలుపు తీసి ఉంచేవారు. మీ అమ్మ ఎప్పుడైనా రావచ్చు, వస్తే రానీ అనేవారు."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఏం చేసేదానివి?"

అది బూట్లు విప్పి, వరసగా గోడవారన పెట్టింది.

"ఆరేళ్ళలో నేను ఒక్కళ్ళకి చూపించానమ్మా. నువ్వెంతమందికి చూపించావో నీకైనా తెలుసా?"

ఆ తర్వాత దాని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మర్నాటినుంచి ఇంట్లో కూడా, పొడుగు చేతుల చొక్కా మీద ఇంకో శాలువా కప్పుకుని తిరగడం మొదలుపెట్టింది. మా ఆయన, "చలిజ్వరమా అమ్మా?" అని నుదురు పట్టుకుని చూశారు. "కాదు నాన్నా," అంది. నావైపు చూడలేదు. ఆయనకు ఆ మెసేజి వినిపించాను. విని, భోజనం పళ్ళెం పక్కకు జరిపారు. జోకు వేస్తారేమో అని ఎదురుచూశాను. వెయ్యలేదు.

*

మిగిలిన రోజుల్లో నేను చేసిన పని ఒక్కటే. బొమ్మలకు బట్టలు కుట్టడం. ఎదురు తలుపు తట్టడానికి ముఖం చెల్లలేదు. బట్టలు కుట్టడానికి ముఖం అక్కర్లేదు. సానపట్టే ఆయనకు తోలు రంగు గుడ్డతో ఏప్రను, గొర్రెల కాపరికి కంబళి ముక్కతో కోటు, చేపలావిడకు వేలెడంత లేసు శాలువా. అంత సన్నటి అల్లిక పెళ్ళయ్యాక మళ్ళీ అల్లలేదు. కళ్ళు మంటలు పుట్టేవి. పుట్టనీ అనుకున్నాను.

గోధుమలు మాత్రం నిటారుగా, ఒత్తుగా, పచ్చగా జానెడు పెరిగాయి. ఏం చూసి పెరిగాయో.

ఇరవై మూడున చెత్త వెయ్యడానికి కిందికి దిగితే వాచ్‌మన్ వెంకటి కనిపించాడు. జగిత్యాల మనిషి.

"అమ్మా, గా నాలుగో ఫ్లోరు మదాం సామాన్ కట్టుకుంటున్నది. జనవరిల మొత్తానికే పోతదట, మల్ల రాదట. మంచి మనిషమ్మా. నా బిడ్డ పెండ్లికి ఈడ్నించి ఏం తీస్కపోవాల్నో రాసిచ్చింది." చీపురు గోడకానించాడు. "ఎవడో ఏందో చెప్పిండట ఆమె మీద. చెప్పినోని నోట్ల మన్ను పడ."

"అవును వెంకటీ," అన్నాను. లిఫ్టు కోసం ఆగకుండా నాలుగు అంతస్తులూ మెట్లెక్కాను.

ఇరవై నాలుగు సాయంత్రం, మసీదులో మగ్రిబ్ అజాన్ అయ్యాక, రచన గోధుమ సాసరు పట్టుకుని ఎదురింటికి వెళ్ళింది. నన్ను రమ్మనలేదు. పావుగంట ఆగాను. తర్వాత బట్టలన్నీ మడిచి డబ్బాలో పెట్టుకుని నేనూ వెళ్ళాను. తలుపు ఎప్పటిలాగే ఓరగా తీసి ఉంది. అయినా తట్టాను.

సగం హాలు అట్టపెట్టెలతో నిండి ఉంది. బల్లమీద ఒకదానిమీద ఒకటిగా పరిచిన మూడు తెల్ల గుడ్డలు, మూడు కొవ్వొత్తులు, మూడు సాసర్లలో గోధుమ మొలకలు, చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో ఖర్జూరాలు, అంజూరాలు, బాదం, నారింజ తొనలు. ముగ్గురికి పళ్ళాలు పెట్టి ఉన్నాయి. ఉన్నది ఇద్దరే. బొమ్మలు కిటికీ గట్టుమీద, పశువులపాక చుట్టూ, పీచు ఒళ్ళతో వరసగా నిలబడి ఉన్నాయి.

ఇంగ్లీషులో ఒక వాక్యం నేర్చుకుని వెళ్ళాను. గుమ్మంలో అది మర్చిపోయాను. "రచనా, నువ్వు చెప్పవే. నేను చూడనివి కూడా చూసినట్టు చెప్పానని, నావల్లే ఇదంతా అని..."

"నేను చెప్పనమ్మా," అంది రచన శాలువా దగ్గరికి లాక్కుంటూ. "అది నువ్వే చెప్పు."

మదాం ఎదురుచూసింది. తొందరపెట్టలేదు. ఆ రెండు మాటలు ఎలా కూడదీసుకున్నానో నాకే తెలియదు. "ఐ టోల్డ్. మీ. రాంగ్ ఐ టోల్డ్." అంతకంటే చదువు నా దగ్గర లేదు.

ఆవిడ "ఫర్వాలేదు" అంటుందని ఎక్కడో ఆశపడ్డాను. అనలేదు. "వీ," అంది. అవును అని. ఆ ఒక్క ఫ్రెంచి ముక్క నాకూ తెలుసు. తర్వాత, నాకు అర్థమయ్యే ఇంగ్లీషులో, నేనూ నీకు ముందే చెప్పి ఉండాల్సింది, తల్లివి కదా అంది. ఆవిడ అలా అనకుండా ఉంటేనే బాగుండేది. కాస్త తిట్టి ఉంటే తేలికపడేదాన్నేమో.

మూడో కుర్చీ చూపించింది.

"ఎవరైనా వస్తున్నారా?" అని రచనను అడిగాను.

"లేదు. ప్రతి ఏడూ ఒక పళ్ళెం ఎక్కువ పెడతారంట. దిక్కులేనివాళ్ళెవరైనా పిలవకుండా వస్తే కూర్చోడానికి."

నేను ఆ కుర్చీలో కూర్చున్నాను.

తినేముందు మదాం బొమ్మలకు బట్టలు వేసింది. చేపలావిడ శాలువా దీపం వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది. చివరకు చేతులెత్తి ఆశ్చర్యపోయేవాడి వంతు వచ్చింది. వాడికి నీలం చొక్కా కుట్టాను. తొడిగింది. చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. ఎత్తిన ఆ రెండు మట్టి చేతులూ గుడ్డలో మునిగిపోయి, మనిషి ఆశ్చర్యపోతున్నాడో ఊపిరాడక కొట్టుకుంటున్నాడో తెలియకుండా ఉన్నాడు. పదహారింటికి కొలత తప్పని చెయ్యి ఆ ఒక్కదానికి ఎందుకు తప్పిందో మరి.

మదాం వాడి చొక్కా చేతులను ఒక మడత, ఇంకో మడత, మోచేతులదాకా పైకి మడిచి పాక పక్కన నిలబెట్టింది. రచన చూసింది. నేను ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాను. గింజ ఎక్కడ ఉమ్మాలో తెలియక చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాను.

*

జనవరి ఎనిమిదిన మదాం వెళ్ళిపోయింది. అరాద్‌లో విమానాలు మా డాబా మీదనుంచే లేస్తాయి. ఆ రోజు లేచిన ప్రతి విమానానికీ రచన బాల్కనీలోకి వెళ్ళి నిలబడింది. నేను లోపలినుంచి, ఇది దారిలో ఏమీ కాకుండా చేరాలి దేవుడా అని ప్రతి దానికీ మొక్కుకున్నాను. చేతులెత్తినవాణ్ణి మదాం రచనకే ఇచ్చి వెళ్ళింది. నా కుట్టుమిషను పక్కన అలమారులో ఉన్నాడు, చొక్కా చేతులు పైకి మడుచుకుని.

పరీక్షలు మొదలవడానికి ముందు రోజు, ఫిబ్రవరిలో, రచన తన యూనిఫారం తెచ్చి మిషనుమీద పెట్టింది. శాలువా తీసి, ఎడమ మోచేతికి పైన, మచ్చ మొదలయ్యేచోటు దాటి, ఇంకా పైన వేలితో గీత గీసి చూపించింది.

"ఇక్కడిదాకా కత్తిరించు."

"పరీక్ష హాల్లో అందరూ..." అన్నాను. అది నావైపు చూసింది. అందరికీ తెలియనిది అక్కడ ఏమీ మిగల్లేదు. మిగలకుండా చేసింది నేనే. సుద్దతో గీత పెట్టాను. నా గీత ఎప్పుడూ వంకరపోదు. ఆ రోజు పోయింది. చెరిపి మళ్ళీ గీసి, కత్తెర వేశాను.

మర్నాడు పొద్దున బస్సుదాకా దింపుదామని దానితో లిఫ్టు ఎక్కాను. పైనుంచి దిగుతూ అందులో లక్ష్మిప్రసన్న అప్పటికే ఉంది. "బాగా రాయమ్మా," అంటూనే ఆవిడ కళ్ళు ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్ళాయి. రచన పెన్నుల డబ్బా పట్టుకుని కదలకుండా నిలబడింది. నా చెయ్యి దానంతటదే లేచింది. నా చున్నీ కొంగు పట్టుకుని ఆ పిల్ల భుజం మీదికి సగం దూరం వెళ్ళింది.

రచన తల తిప్పి నా చేతిని చూసింది. మొహాన్ని కాదు, చేతిని.

కొంగు వదిలేసి, తలుపు పైన అంకెలవైపు తలెత్తాను. మూడు. రెండు. ఒకటి. నాలుగంతస్తులు దిగడానికి ఆ లిఫ్టు ఎప్పుడూ అంతసేపు తీసుకోలేదు.